రేగుచెట్టెక్కిన టర్కీ కోడి

ఈ అరబ్బు నగరంలో, అజైబాలో మా ఆఫీసు కింద ఉన్న సూపర్‌మార్కెట్‌లో ఫ్రీజర్ మూత జరిపితే చాలు, మంచు పొగ మొహానికి కొట్టి, ఆ పొగలోంచి ప్లాస్టిక్ కవర్లలో ముడుచుకుని, కాళ్ళు దగ్గరకు కట్టేసి, రాయిలా గడ్డకట్టిన టర్కీ కోళ్ళు వరసగా కనిపిస్తాయి. బఠాణీల ప్యాకెట్ కోసం చెయ్యి పెట్టిన నేను ప్రతిసారీ ఒక్క క్షణం ఆగిపోతాను. పక్కన నిలబడ్డవాళ్ళకి అది వట్టి మాంసం. నాకు మాత్రం ఇప్పటికీ అది వట్టి మాంసం కాదు, ఎందుకంటే తొమ్మిదేళ్ళ వయసులో నా బతుకంతా అలాంటి ఒక కోడి కాళ్ళ మీద ఆధారపడింది, ఆ కాళ్ళేమో ఎవరి మాటా వినకుండా పారిపోయాయి.

అప్పుడు మేము ఇదే నగరం అంచున, బౌషర్‌లో, కొండ మొదట్లో, ఒక ఖర్జూరపు తోటలో ఉండేవాళ్ళం. బాపుది జగిత్యాల వైపు పల్లె. అందరిలాగే సైట్ పనికని వచ్చి, సిమెంటు కంటే మట్టే నయమని తోటపనికి మారాడు. తోట యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు, మేమూ అలాగే అన్నాం. ఆయన తల్లి మోకాళ్ళు పట్టేసి పగలంతా వరండాలో కూర్చునే ముసలావిడ. ఆవిడను ఇక్కడివాళ్ళ మాటలో మామా, అంటే అమ్మా, అని పిలిచేవాళ్ళం. మామాకు సాయంగా మా అమ్మను రప్పించారు, అమ్మ వెంట నన్నూ రానిచ్చారు. కూలిపనికి వచ్చినవాళ్ళు ఒక్కో రూమ్‌లో పదిమంది సర్దుకుని, భార్యాబిడ్డల గొంతు ఫోన్‌లో విని సంతోషపడే ఊళ్ళో, మేం ముగ్గురం ఒక్క కప్పు కింద పడుకునేవాళ్ళం. అది అర్బాబ్ మంచితనం వల్ల దొరికిన అదృష్టమనీ, ఆయన మనసు విరిగితే అంతే సంగతులనీ ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. కానీ నేను కాస్త గట్టిగా నవ్వితే చాలు, అమ్మ వరండా వైపు చూసి "మెల్లగ బిడ్డా" అనేది.

ఆ తోటలో వసంతం ఎంత బాగుండేదో చెప్పాలంటే వాసనలతోనే మొదలుపెట్టాలి. మామిడి పూత, నిమ్మ పూత, తెల్లారగట్ల మామా గదిలోంచి వచ్చే యాలకుల కాఫీ, బాపు బట్టలకంటిన మగ ఖర్జూరపు పుప్పొడి. ఆ రోజుల్లో బాపు నడుముకు తాడు కట్టుకుని చెట్టు చెట్టూ ఎక్కి, మగపూల రెమ్మలను ఆడగెలల మధ్య కట్టి దిగేవాడు. దిగాక తల దులుపుకుంటే తెల్లటి పిండి రాలేది. కొండల్లోంచి వచ్చే ఫలజ్ కాలువ నీళ్ళు చీలమండల దాకా పారేవి, వాటిలో నేను ఖర్జూరపు గింజలు వదిలి ఏది ముందు మలుపు తిరుగుతుందో పందెం కాసేదాన్ని, నాతో నేనే గెలిచేదాన్ని. తోట వెనకనున్న ఎండిన వాగును ఇక్కడ వాదీ అంటారు. దాని గట్టున రేగుచెట్లు విరగకాసేవి, జేబులనిండా ఆ పండ్లే. ఉగాదికి అమ్మ దాపునున్న చెట్టు నుంచి వేపపువ్వు రాల్చి, తోటలోని పచ్చిమామిడి పిందెలతో పచ్చడి చేసి, మామాకు కూడా చిన్న గిన్నెలో పోసేది. మామా ఒక్క చెంచా నాలుక మీద వేసుకుని, మొహమంతా ముడిచి, ఇంకో చెంచా అడిగేది.

ఆ టర్కీ కోళ్ళు వచ్చింది అంతకుముందు చలికాలంలో. అర్బాబ్ ఎక్కడినుంచో ముచ్చటపడి తెప్పించుకున్నాడు, మూడు పెట్టలు, ఒక పుంజు. పుంజంటే మామూలు పుంజు కాదు. నా నడుమెత్తు ఉండేది. ఈకలు నల్లగా, ఎండలో రాగి బిందెలా మెరిసేవి. తల మీద ఒక్క ఈక లేకుండా, కోపమొస్తే ఎర్రగా, మరుక్షణం నీలంగా మారే బోడితల, ముక్కు మీంచి వేలాడే తోలు, తోక విప్పి రెక్కలు నేలకు రాస్తూ నడిచే ఠీవి. సాయంత్రం ఇంటికి రాగానే అర్బాబ్ ముందు దాని దగ్గరకే పోయి చప్పట్లు కొట్టేవాడు, అది గొంతులో నీళ్ళు పుక్కిలించినట్టు గళగళమని బదులిచ్చేది, ఆయన పిల్లాడిలా నవ్వేవాడు.

ఆ వసంతంలోనే అర్బాబ్ ఉమ్రా కోసం మక్కా ప్రయాణమయ్యాడు. పోతూ పోతూ బాపు భుజం మీద చెయ్యి వేసి, తోట సంగతి ఒక్క ముక్క అనకుండా, కోడి జాగ్రత్త అని మాత్రం చెప్పాడు. ఆయన కారు గేటు దాటాక బాపు చేసిన పని మా వైపు పల్లెల్లో ఏ ఇల్లాలైనా చేసేదే. పొద్దంతా ఇనప జాలీ గూట్లో నిలబడి కోళ్ళు కాళ్ళు పీక్కుంటున్నాయని తలుపు తీసి తోటలోకి వదిలాడు. అమ్మ వద్దంది. "గిది కోడే గదనే, ఏడికి పోతది? పొద్దుగూకితే గూటికే వస్తది" అన్నాడు బాపు. పొద్దుగూకింది. మూడు పెట్టలూ బుద్ధిగా వచ్చి గూట్లో దూరాయి. పుంజు రాలేదు.

చీకటి పడేముందు వాదీ గట్టున అన్నిటికంటే ఎత్తైన రేగుచెట్టు కొమ్మ మీద కనిపించింది. బాపు ముళ్ళన్నీ గీసుకుంటూ సగం దాకా ఎక్కాడో లేదో, ఇంత బరువున్న పక్షి అంత దూరం ఎగరలేదని మేం ఎందుకనుకున్నామో గానీ, రెక్కలు టపటపలాడించి వాదీ అవతలి ఒడ్డున దిగి, రాళ్ళలో పడి పరుగెత్తింది. కిందికి దిగిన బాపు చేతులనిండా రక్తం.

"అర్బాబ్ ఏమంటడో" అంది అమ్మ ఆ రాత్రి, గోడ చూస్తూ. "ఒక్క కోడిని చూసుకోరాదు నీకు, వీసా కేన్సల్ అంటడు. నువ్వు మళ్ళ సైట్‌కు, నేను ఇంటికి. పిల్లను ఏడ ఉంచుతవ్?"

"ఊకో" అన్నాడు బాపు. "ఆయన వచ్చేలోపల పడ్తా."

నేను దుప్పటి కింద మేలుకునే ఉన్నాను. అర్బాబ్ అలా అంటాడో అనడో నాకు తెలియదు, వాళ్ళకీ తెలియదు. ఆ తెలియకపోవడమే మమ్మల్ని తినేసింది. ఆ రాత్రి నుంచి నా భయమంతా ఒక్కటే: కోడి దొరక్కపోతే మేం ముగ్గురం మూడు చోట్ల పడుకోవాలి.

మా ఊళ్ళో బాపు వలపన్ని కౌజు పిట్టలను పట్టినవాడే. కానీ ఈ పుంజు ముందు ఆ విద్య పనిచేయలేదు. ప్రాణం మీదికి రాకుండా, ఈక ఊడకుండా పట్టాలి, అది మొదటి చిక్కు. రెండోది దాని కళ్ళు. రాయి వెనక బాపు తెల్ల బనీను అంచు కనిపించినా అంత దూరం నుంచే మెడ నిక్కించి టక్‌మని అరిచి మాయమయ్యేది. బాపు మర్నాడు మట్టిరంగు గోనెసంచి కప్పుకున్నాడు, నా కాళ్ళ పట్టీలు తీయించాడు. మొక్కజొన్న గింజలు చల్లి వల పరిచాడు. వాదీలో మేకలొచ్చి గింజలు తిని, వల తొక్కి, చిక్కులు చేసి పోయాయి. వసంతం కదా, జత కోసం తిరుగుతుందని ఒక పెట్టను గంప కింద పెట్టి వల మధ్యలో ఉంచాడు. పుంజు తోక విప్పుకుని వచ్చిందే గానీ, భయపడ్డ పెట్ట ఒక్క పలుకూ పలకలేదు. పెట్ట పలికితేనే అది అడుగు ముందుకేస్తుంది, పలక్కపోతే ఉన్నచోటే నిలబడి రెక్కలు రాస్తూ, నువ్వే రా అన్నట్టు చూస్తుంది. అలా చూసి చూసి వెనక్కి తిరిగిపోయింది.

అప్పుడు నేను పలికాను. చలికాలమంతా ఆ పెట్టల పక్కన కూర్చుని ఆడుకున్నదాన్ని, వాటి పిలుపు నాకు నోటికొచ్చు. నాలుక అంగిటికి ఆనించి, కొంచెం గొంతు చీల్చి, క్యావ్ క్యావ్ అంటే, వాదీ అవతలి నుంచి గళగళమని జవాబొచ్చింది. బాపు నా వైపు తిరిగి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. అందులో సంబరం లేదు, ఇంక నువ్వే దిక్కన్నట్టు ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల మీద ఎవరూ అంత బరువైన చూపు పెట్టకూడదు.

తర్వాతి పొద్దుల్లో తెల్లారకముందే ఇద్దరం వల పట్టుకుని వాదీకి పోయేవాళ్ళం. వరండాలో మామా ఫజర్ నమాజు ముగించుకుని, జపమాల తిప్పుతూ మమ్మల్ని చూసేది. మేం తలలు దించుకుని దాటేవాళ్ళం. అమ్మ ఆవిడకు కాఫీ అందిస్తూ, కోడి ఊసు వస్తుందేమోనని బిక్కచచ్చిపోయేది. ఆవిడ ఎప్పుడూ అడగలేదు, అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వేటలో పిలవడం ఏమంత కష్టం కాదు, పిలిచి ఊరుకోవడమే కష్టం. ఎక్కువ పిలిస్తే దానికి అనుమానం వస్తుంది, పిలవకపోతే మనసు మళ్ళుతుంది. చీమలు కాలెక్కుతుంటే కదలకూడదు, దుమ్ముకు దగ్గు వస్తే మింగాలి. అర్బాబ్ మర్నాడే వస్తున్నాడని తెలిసిన పొద్దున, నేను రెండుసార్లు పిలిచేసరికి అది రాళ్ళ మధ్య నుంచి పైకొచ్చింది. మొదటి ఎండలో తల నీలంగా మెరుస్తోంది. వలకు ఇంకొంచెం దూరంలో ఆగింది. "ఇంక పిలువకు" అన్నాడు బాపు, పెదాలు కదపకుండా. నాకేమో పిలవకపోతే పోతుందని ప్రాణం కొట్టుకుంటోంది. రోడ్డు మీద పికప్ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది, పుంజు మెడ సాచి గడ్డకట్టింది, నేనూ గడ్డకట్టాను. కళ్ళు మూసుకుని, అమ్మ పక్కన పడుకోవడం ఒక్కటే తలుచుకున్నాను. ఎంతసేపటికో ఇసుక మీద రెక్కలు గీసిన చప్పుడు, ఆ వెంటనే తాడు లాగిన చప్పుడు, ఆ తర్వాత బాపు అరుపు. కళ్ళు తెరిచేసరికి బాపు వల మీద బోర్లాపడి, ఆ పుంజును కౌగిలించుకుని, వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. బాపు ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

మర్నాడు అర్బాబ్ కారు దిగుతూనే జాలీ వైపు చూసి నిలబడిపోయాడు. మేం ముగ్గురం చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డాం. ఆయన వరండా వైపు తిరిగి తల్లిని ఏదో అడిగాడు, ఆవిడ ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. తర్వాత బాపుతో వచ్చీరాని హిందీలో చెప్పాడు: కోడిని తనే ఎవరికో ఇచ్చేశానని మా అమ్మ మొదటిరోజే నాకు ఫోన్‌లో చెప్పింది, మళ్ళీ ఇక్కడెలా ఉంది?

మామాకు అంతా తెలుసు. పుంజు తప్పిపోయిన సాయంత్రమే, మా మీదికి మాట రాకుండా కొడుకుతో అబద్ధమాడి మమ్మల్ని గట్టెక్కించేసింది. మరి మాకెందుకు చెప్పలేదని అమ్మ ఆ రోజు ధైర్యం చేసి అడిగింది. ఆవిడ ఆశ్చర్యపోయింది. రోజూ తండ్రీ కూతుళ్ళు వల పట్టుకుని పోతుంటే వేటంటే సరదా కాబోలనుకుందట, దొరికితే వండుకుంటారులే అనుకుందట. అమ్మ వంటింట్లోకి వచ్చి, గట్టు మీద రెండు చేతులూ ఆనించి, చాలాసేపు అలాగే నిలబడింది. అర్బాబ్ ఆ పుంజును మాకే ఇచ్చేశాడు. మేం దాన్ని కొయ్యలేదు. ఎండలు ముదిరేదాకా రోజూ తెల్లవారుజామున అది మా కిటికీ కింద గళగళమనేది, ఆ కూతకు బాపు రోజూ ఉలిక్కిపడి లేచేవాడు.

ఆ తోట ఇప్పుడు లేదు. ఖర్జూరపు చెట్లున్న చోట తెల్లటి విల్లాలు, వాటి మధ్య కార్లు పెట్టుకునే స్థలాలు. ఫలజ్ కాలువను రోడ్డు మింగేసింది. మామా పోయి చాలా ఏళ్ళయింది, అర్బాబ్ పిల్లలకు వ్యవసాయం మీద ఆసక్తి లేదు. బాపు నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా అటువైపు కారు తిప్పమంటాడు, మా గది ఎక్కడుండేదో ఆ గోడల మధ్య వెతుక్కుంటాడు, దొరకదు.

నిన్న మా ఇంట్లో అల్మారా సర్దుతుంటే, అట్టడుగున, పాత దుప్పట్ల కింద నా పట్టుచీర కనిపించింది. మడత విప్పితే కొంగు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన మచ్చ. మా ఇంట్లో పనికి ఉండే ఓబులమ్మక్కది కడప వైపు. వారం నుంచి ఆవిడ నా మొహం చూడకుండా మాట్లాడుతోందని అప్పుడు తట్టింది. నాకు ముందు చీర మీదే మనసు పోయింది, ఒళ్ళు మండింది కూడా. చీర పట్టుకుని వంటింటి దాకా పోయాను. ఆవిడ గట్టుకు రెండు చేతులూ ఆనించి, నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. నేను చీర వెనక్కి తీసుకెళ్ళి మంచం మీద పడేసి, మళ్ళీ వచ్చి చెప్పాను, చీర చూశాను అక్కా, ఫరవాలేదు, దానికోసం నిన్నెవరూ ఎక్కడికీ పంపరు అని.

ఆవిడ తిరగలేదు. అలాగే నిలబడి అంది: "శుక్రవారం నుంచి నాకు కూడు దిగల్యా మేడమ్."

నాకు తెలుసక్కా అన్నాను. నిజంగానే తెలుసు.