లేచొచ్చిన జంట

అరకులో నాకు గది అద్దెకిచ్చిన అత్త పెట్టిన షరతు ఒక్కటే. నీచు వండుకోవచ్చు, ఆలస్యంగా రావచ్చు, చుట్టాలను తెచ్చి పెట్టుకోవచ్చు. పిల్లి మాత్రం గుమ్మం తొక్కకూడదు.

"మనిసిని తెచ్చుకో, నాకేటి. పిల్లిని తెచ్చినావంటే నీ పెట్టె రోడ్డు మీద పెట్టీగలను" అంది తాళంచెవి నా చేతిలో పెడుతూ.

అత్త అంటే చుట్టరికమేమీ లేదు. ఆవిడది కొండ మీది ఊరు. పెళ్ళయి అరకు వచ్చింది. భర్త పోయాక మేడ మీద ఒక గది వేసి అద్దెకిస్తోంది. మాది పార్వతీపురం. కాఫీ గింజలు కొనే ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని దొరికి ఇక్కడికి వచ్చాను. రోజంతా ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు, అందుకే ఆ పని నాకు నచ్చింది. "ఆవిడ్ని అత్తా అని పిలు, మర్యాదగుంటాది" అని మా అమ్మ ఫోన్‌లో నేర్పింది. నోరు తిరగడానికి కొంత కాలం పట్టింది.

పిల్లుల మీద అత్తకున్న కోపానికి కారణం పావురాలు. పక్కనున్న లాడ్జివాళ్ళు టూరిస్టుల బట్టల మీద రెట్టలు పడుతున్నాయని బాల్కనీలన్నిటికీ వలలు కట్టారు. దిక్కులేనివైన ఆ పావురాలన్నీ అత్త మేడ మీదకు వచ్చి వాలాయి. ఆవిడ వాటికి పొద్దున్నే చోళ్ళు, అంటే రాగులు, చల్లుతుంది. ఏది గుడ్లు పెట్టింది, ఏది దేనితో అలిగింది, అన్నీ చెబుతుంది. ఒకసారి ఎక్కడినుంచో వచ్చిన పిల్లి గూట్లోని పిల్లలను ఎత్తుకుపోయిందట. అప్పటినుంచి ఆవిడ దృష్టిలో ప్రపంచంలో ఉన్నది ఒకే పిల్లి. ఏ రంగులో కనిపించినా అదే ఇది.

అలాంటి ఇంట్లోకి నేను పిల్లిని తెచ్చాను.

బొంగు చికెన్ బడ్డీ వెనక ఉండే చారల పిల్లి అది. ఆఫీసునుంచి వస్తూ రోజూ చూసేదాన్ని. ఒకరోజు దాన్ని టూరిస్టు బండి ఏదో గుద్దేసి వెళ్ళిపోయింది. ముందు కాలు వేలాడుతూ, బడ్డీ కింద బొగ్గుల బస్తాల మధ్య దూరి ఉంది. బయట కుక్కలు తీరిగ్గా కూర్చుని దాని కోసం చూస్తున్నాయి. చున్నీలో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు నా వెనక ఆవు కూడా వస్తోందేమోనని కాసేపు గుమ్మం వైపు చూశాడు. లేదని తెలిశాక నవ్వి, కట్టు కట్టడానికి సన్నని బద్ద ఏదైనా తెమ్మన్నాడు. పరుగెత్తుకెళ్ళి బొంగు చికెన్ బడ్డీలోనే ఒక వెదురు బద్ద అడిగి తెచ్చాను. దానికి మసాలా వాసన వదల్లేదు. మొదటి రోజంతా పిల్లి తన కట్టును తానే ఆశగా నాకుతూ కూర్చుంది.

ఎముక అతుక్కునేదాకా దూకనివ్వొద్దని, బయటకు వదిలితే కుక్కలు బతకనివ్వవని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి నాకూ తెలుసు. కాబట్టి సంచీలో పెట్టుకుని, అత్త పెరట్లో ఉన్న సమయం చూసి, మెట్లెక్కేశాను.

ఆ వారంలోనే పావురం వచ్చి పడింది. రెక్క మీద తెల్ల మచ్చ ఉన్నది, అత్తకు అన్నిటికన్నా ఇష్టమైనది. దర్జీ కొట్టు ముందు గింజలేరుతుంటే కాబోలు, దారప్పోగులు కాళ్ళకు చుట్టుకున్నాయి. దానికి తోడు ఎవరివో పొడుగాటి వెంట్రుకలు. వేళ్ళు వాచి, నిలబడలేక నా కిటికీ గట్టు మీద కూలబడింది. తువ్వాలులో చుట్టి, తల కప్పి, కాళ్ళను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, చిన్న కత్తెరతో ఒక్కొక్క పోగూ తీశాను. ఒక వేలు అప్పటికే నల్లబడిపోయింది. మిగతావి దక్కాయి. అట్టపెట్టెలో గుడ్డలు పరిచి, పెట్టెను బీరువా మీద పెట్టాను.

అత్త పావురాన్ని అత్తకే ఇచ్చేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఇస్తే, ఎక్కడ దొరికిందో చూపించమంటుంది. చూపించాలంటే తలుపు తీయాలి. తలుపు తీస్తే మంచం మీద దొరగారు కనిపిస్తారు. ఈలోగా అత్త మెట్ల దగ్గర నిలబడి, "తెల్లమచ్చది కనబడ్డం లేదు. పిల్లే తినీసుంటాది" అని వీధికంతా వినిపించేలా శాపాలు పెడుతోంది. నేను తలూపి పైకి వచ్చేసేదాన్ని.

మనుషులతో మాట్లాడని నేను ఆ రెండింటితో మాత్రం తెగ మాట్లాడేదాన్ని. పేర్లు పెట్టలేదు. మా వైపు పిల్లలను పిలిచినట్టే పిల్లిని గుంటడా అని, పావురాన్ని గుంటా అని పిలిచేదాన్ని. పిల్లి కుంటుతూనే బీరువా వైపు చూస్తూ పెదాలు నాక్కుంటుంటే ఒక పొద్దున్న గట్టిగానే చెప్పాను. "ఒరే గుంటడా, గుంట వైపు అలా చూడకు. ఒకే గదిలో ఉన్నాం కదా అని వేషాలేస్తే ఊరుకోను. నువ్విక్కడ పడుకో, అదక్కడ పడుకుంటుంది. కాలు తగ్గేదాకా ఓపిక పట్టు."

కిటికీ బయట అత్త బట్టలు ఆరేస్తోందని నాకు తెలియదు.

ఆఫీసుకు బయల్దేరుతుంటే మెట్ల కింద ఆపింది.

"ఏటి గుంటా, నాకు సెప్పకుండా దాసేత్తావేటి?"

"ఏంటత్తా?"

"నీ గదిలో ఉన్నోళ్ళని. నాను విన్నాన్లే. గుంటడూ, గుంటా." గొంతు తగ్గించింది. "లేసొచ్చీసినారు గావాల."

పిల్లి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మా ఇంట్లో 'లేచిపోవడం' అన్న మాట వినిపిస్తే టీవీ సౌండు పెంచుతారు. అత్త ముఖం మాత్రం పెళ్ళివారింటిలా వెలిగిపోతోంది. వాళ్ళ ఊళ్ళో ఇష్టపడిన గుంటా గుంటడూ చెప్పకుండా వచ్చి, నమ్మినవాళ్ళ ఇంట్లో తలదాచుకుంటారట. తర్వాత పెద్దలు కూర్చుంటారు. గుంటడి తరఫువాళ్ళు 'తప్పు' కడతారు, అంటే ఊరి పెద్దలకు భోజనం పెడతారు. అందరూ కలిసి తింటే మాట అయిపోయినట్టే, పెళ్ళయిపోయినట్టే. "నాను కూడా అలగొచ్చిన దాన్నే" అంది గర్వంగా. "గుంటడి కాలికేటయింది?"

"బండి గుద్దీసిందత్తా."

ఇక్కడొక విషయం చెప్పాలి. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

"ఏ ఊరోడు?"

"ఇక్కడివాడే. బొంగు చికెన్ బడ్డీ దగ్గరుండేవాడు."

"అక్కడ పనేటి?"

"పనేమీ లేదు. తిని పడుకుంటాడు."

"అలాటోడ్ని ఏటి సూసి వొచ్చిందో. గుంట మంచిదేనా?"

"చాలా నెమ్మదత్తా. తిండే కాస్త ఎక్కువ."

"తిననీ. తినీ వయసే" అని అత్త లోపలికి వెళ్ళి, రెండు కంచాల అన్నం, ఎండుచేపల కూర తెచ్చింది. "పెద్దోళ్ళు కూర్సున్నదాకా నాను మొకాలు సూడను. మా పద్దతి. నువ్వే పెట్టు."

ఆ రోజునుంచి రెండు పూటలా రెండు కంచాలు మెట్ల మీద కనిపించేవి. చేప ముక్కలు పిల్లికి వెళ్ళేవి. పావురానికి అత్త పావురాలకు చల్లిన చోళ్ళే ఏరి తెచ్చేదాన్ని. మిగిలిన అన్నం, పప్పు, గుమ్మడి కూర అన్నీ నేనే తినేదాన్ని. పారేస్తే అత్త కంటపడుతుంది. ఆఫీసు చుడీదార్లు పట్టడం మానేశాయి. అంతకన్నా వింత ఏమిటంటే, అత్త నన్ను చూసే చూపు మారింది. నోరులేనిదనుకున్న గుంట ఇంత ధైర్యం చేసిందా అని. ఆ చూపు నాకు బాగా అలవాటైపోయింది.

ఇంతలో అత్త, సంత రోజుకు వాళ్ళ అన్నయ్యను రమ్మని కబురు పంపానని చెప్పింది. ఊళ్ళో పెద్ద ఆయనే. మాట తేల్చడానికి వస్తున్నాడు.

అప్పటికి పిల్లి ఎముక ఇంకా అతుక్కోలేదు. డాక్టరు దగ్గర వదలాలంటే అక్కడ ఆవుల కొట్టం తప్ప ఏమీ లేదు. ఆఫీసులో ఎవరినైనా అడగాలంటే మాట్లాడాలి. నోట్లో మాటలు కూడబలుక్కుంటుండగానే సంత రోజు వచ్చేసింది.

అన్నయ్య సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగుతో వచ్చాడు. వెనక కొత్త చీర కట్టుకున్న అత్త. నేను తలుపు తీసి పక్కకు జరిగాను.

మంచం మీద పిల్లి కట్టుకాలు ముందుకు చాపి కూర్చుని వాళ్ళను చూసింది. బీరువా మీదినుంచి పావురం కువకువలాడింది.

అత్త చీర కొంగు నడుములో దోపింది. తర్వాత నెమ్మదిగా, "నీ పెట్టేదీ?" అంది నాతో.

"ఆగు" అన్నాడు అన్నయ్య. కుర్చీ లాక్కుని, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. "మాట తేల్సడానికి కొండ దిగొచ్చినాను. తేల్సకుండా ఎల్లను. గుంట తరపు ఎవులు?"

"నా పావురానికి నాను కాపోతే ఎవులుంతారు?"

"గుంటడి తరపు?"

ఇద్దరూ నా వైపు చూశారు. "నేను" అన్నాను.

"ఇనబళ్ళేదు."

"నేను మావయ్యా" అన్నాను. ఈసారి పావురం కూడా కువకువ ఆపింది.

అత్త తన ఫిర్యాదు చెప్పింది. పిల్లిని తేవడం ఒక తప్పు. పావురాన్ని దాయడం ఇంకో తప్పు. అన్నిటికన్నా పెద్ద తప్పు, రెండు పూటలా రెండు కంచాలు. "ఎవులు తిన్నారు అదంతా?"

"నేనే అత్తా."

అన్నయ్య గొడుగు వంక చూస్తూ పెదవులు బిగబట్టాడు.

నా వంతు వచ్చింది. ఈ గుంటడు గదిలోకి వచ్చాక ఒక్క ఈక కూడా ముట్టలేదని, ఇప్పుడు బయట పెడితే సాయంత్రంలోగా కుక్కల పాలవుతాడని చెప్పాను. పెట్టె దించి, పావురం కాళ్ళు అత్తకు చూపించాను. ఆవిడ దాన్ని చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క వేలూ తడిమింది. పోయిన వేలి దగ్గర ఆగింది.

"దారం ఎవులు తీసినారు?"

"నేనే."

"నాకు సెప్తే నూనె రాద్దును కాదేటి" అంది.

అన్నయ్య తీర్పు చెప్పాడు. గుంట ఇవాళే పుట్టింటికి వెళ్ళిపోవాలి. గుంటడు కాలు తగ్గి, తప్పు భోజనం అయ్యేదాకా ఈ గదిలోనే ఉంటాడు. గుంటడి తరఫువాళ్ళు ఒక నాటుకోడి ఇచ్చుకోవాలి. అందరూ కలిసి తిన్నాక మాట అయిపోయినట్టు. ఆ తర్వాత వాణ్ణి ఉంచడమో గెంటడమో ఇల్లుగలావిడ ఇష్టం. భోజనం కాకుండా మాత్రం ఎవరూ వాణ్ణి కదపకూడదు.

అత్త అప్పటికప్పుడు పావురాన్ని మేడ మీద వదిలింది. అది నా వైపు తిరిగి చూడకుండా తన గుంపులో కలిసిపోయింది.

నేను సంతకు వెళ్ళి కోడిపెట్టను కొన్నాను. గోధుమరంగుది. అమ్మిన ముసలామె "ఏటి, సుబకార్యమేటి?" అని అడిగితే "మా గుంటడిది మాట తేలిందమ్మా" అన్నాను. చంకలో పెట్టుకుని నడుస్తూ ఇల్లు చేరేసరికి దానితో మాట్లాడడం మొదలైపోయింది. దారిలోనే తీర్పును మనసులో మళ్ళీ ఒకసారి చెప్పుకున్నాను. భోజనం కాకుండా ఎవరూ వాణ్ణి కదపకూడదు.

"అత్తా, ఈ పెట్ట గుడ్లకొచ్చినట్టుంది. ఇప్పుడు కోస్తే పాపం కదా" అన్నాను.

అత్త కోడిని, నన్ను, మళ్ళీ కోడిని చూసింది. "నోరులేని గుంటనుకున్నాను నిన్ను" అంది.

మర్నాడే అది గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు అత్తకే ఇచ్చాను. ఇప్పటికీ ఆవిడకే ఇస్తున్నాను. గుంటడి కాలు ఎప్పుడో తగ్గింది. పావురాలు పైన చోళ్ళేరుతుంటే కింద మెట్ల మీద ఎండ కాచుకుంటాడు. అత్త వాడి ఎదురుగా చీపురు పట్టుకుని కూర్చుంటుంది. అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా తప్పు భోజనం ఎప్పుడని అడుగుతాడు. పెట్ట ఇంకా గుడ్లు పెడుతోందని, ఇప్పుడు కోస్తే పాపమని అత్తే చెబుతుంది.