ఆపకూడని పరీక్ష

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వెళ్లే దారిలో మా షెడ్డు. వ్యోమనౌకలను నడిపే విద్యుత్ థ్రస్టర్‌ను అక్కడ, గాలి తీసేసిన ట్యాంకులో, నెలల తరబడి వెలిగించి పరీక్షిస్తాం. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచీ చేయాలి.

మా పెద్ద ఇంజనీరు ఇంటికి వెళ్లేముందు ట్యాంకు అద్దంలోంచి ఆ నీలి వెలుగును చూసి, "పోయొస్తా, ఆరిపోవాకు" అనేవాడు. మేం నవ్వితే, "మీకంటే ఇదే నయం, చెప్పిన మాట ఇంటాది" అనేవాడు.

ఆయన పులివెందులలో చనిపోయిన రోజు డ్యూటీ నాది. నేను పరీక్ష ఆపలేదు. ఆయన మట్టికి, కడసారి చూపుకు కూడా వెళ్లలేదు.

తర్వాత ఆయన భార్య ఆ థ్రస్టర్‌ను చూస్తానని వచ్చింది. అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు నిలబడింది.

"ఇంత చిన్నదా అప్పా? దీన్ని ఇడిసిపెట్టి రాలేకనా నువ్వు రానిది?"

"అవునక్కా."

"ఆయప్పా అంతేలే. మా నాయన పోయినప్పుడు ఈడనే కూచున్యాడు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.