మస్కట్‌లో మా అన్న

మా అన్న జైల్లో ఉన్నాడని హాస్టల్లో ఎవరికీ తెలియదు. మస్కట్‌లో ఉన్నాడని మాత్రం అందరికీ తెలుసు. మా వైపు ఊళ్లలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఎవరైనా కొన్నాళ్లు కనబడకపోతే "ఏడికి పోయిండు?" అనేవాళ్లకు గల్ఫ్ అన్న జవాబు చాలు, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని, ఇంతకంటే మంచి సొంత అబద్ధం ఒకటి వెతుక్కోవలసింది. బద్ధకించి ఊళ్లో అబద్ధమే వాడుకున్నాను.

అన్న ఏ తప్పూ చేయలేదని అనను. చేశాడు. ఆటో స్టాండులో ఎవరి వంతు ముందన్న గొడవలో జాకీ రాడ్డుతో కొట్టాడు, అవతలి మనిషికి ఒక కన్ను పోయింది. ఆ మనిషికీ చెల్లెళ్లు ఉండే ఉంటారు. అప్పటిదాకా మా అన్న మాణికేశ్వర్ నగర్‌లో ఒక గదిలో ఉంటూ, ఆటో నడిపి నన్ను చదివించాడు. నిజం చెప్పాలంటే జైలు రాకముందు కూడా నాకు సిగ్గే. ఆటోను మా డిపార్ట్‌మెంట్ దాకా రానివ్వకుండా దూరంగా చెట్ల దగ్గరే ఆపించేదాన్ని. "గీడనే దిగుతవా? ఇంకా దూరమున్నది గద" అనేవాడు. నడిస్తే ఒంటికి మంచిదనేదాన్ని.

జైల్లో అన్నను చూడనిచ్చే ములాఖత్ రోజున తార్నాక చౌరస్తాలో బస్సెక్కితే తెలిసినవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. అందుకని లాలాపేట్ దాకా నడిచి అక్కడ ఎక్కేదాన్ని, చున్నీ తల మీదుగా మొహానికి చుట్టుకుని. అమ్మ నడుము నొప్పితో ఊళ్లోనే ఉండిపోయింది కాబట్టి, ఆమె తరఫున కూడా నేనే చూసొచ్చి బాగున్నాడని ఫోన్లో చెప్పేదాన్ని.

వారానికొకసారి లోపలి నుంచి అతన్ని ఫోన్ చేసుకోనిస్తారు. కొన్ని నిమిషాలే. ఆ నంబరును "అన్న మస్కట్" అని పెట్టుకున్నాను. మోగగానే వరండా చివరికి పరుగెత్తి, గోడ వైపు తిరిగి మాట్లాడేదాన్ని.

నా రూమ్మేట్ గుంటూరు వైపు పిల్ల. ఇంటి నుంచి పచ్చడి వస్తే నాకు పెట్టందే తాను ముట్టదు. "మీ అన్నయ్య నీకేమీ పంపడేంటే?" అని ఒకసారి సరదాగా అంది. గల్ఫ్‌కు పోయినవాడు ఏమీ పంపకపోతే అనుమానమే మరి. తార్నాకలో ఒక దుకాణానికి వెళ్లి, పాకెట్ మీద అరబ్బీ అక్షరాలున్న ఖర్జూరాలు ఏరి కొన్నాను. ధర చీటీని బస్ స్టాపులో కూర్చుని గోటితో గీకేశాను. ఆ పిల్ల తిన్నన్ని తిని, మిగిలినవి వాళ్లమ్మకు పట్టుకెళ్లింది.

ఎండాకాలంలో ఒక పొద్దున నేను తలస్నానం చేసి గదికి వచ్చేసరికి నా ఫోన్ ఆమె చేతిలో ఉంది, స్పీకర్ పెట్టి.

"ఖర్జూరాలు చాలా బాగున్నాయి అన్నయ్యా! మా అమ్మ కూడా మెచ్చుకుంది. మస్కట్‌లో ఎండలు మరీ దారుణమంటగా?"

ఈ మస్కట్ సంగతి మా అన్నకు నేనెప్పుడూ చెప్పలేదు. తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

"ఎండలు... ఉన్నయమ్మా," అన్నాడు మెల్లగా. "అలవాటైపోయినయి. ఖర్జూరాలు అయిపోతే చెప్పు, మల్ల పంపుత."

"డ్యూటీ కష్టంగా ఉంటుందా?"

"ఏం లేదు. అందరితోటి మనం."

ఆమె ఇంకేదో అడగబోతుంటే లైను దానంతటదే తెగిపోయింది. ఆ వారానికి అతనికిచ్చిన నిమిషాలు అయిపోయాయి. "పాపం, అంత దూరం నుంచి కదా, సిగ్నల్ ఆగదు" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టింది.

నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ముందు నాకు కలిగింది బాధ కాదు, ఊరట. అమ్మయ్య, బయటపడలేదు అనుకున్నాను. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది.

తర్వాతి ములాఖత్‌కు వెళ్తూ దారి పొడుగునా చెప్పుకోవలసిన మాటలు కూర్చుకున్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఇనుప జాలీకి అవతల వచ్చి నిలబడ్డాడు. మెడ నిండా చెమటకాయలు. తను పడుకునే మూలకు ఫ్యాను గాలి రాదని అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఎప్పటిలాగే అమ్మ నడుము ఎట్లున్నదని అడిగాడు. చెప్పాను. అటూ ఇటూ జనం ఒకరి మాట ఒకరికి వినబడక అరుస్తున్నారు. అతను మాత్రం జాలీకి మొహం ఆనించి గొంతు తగ్గించాడు.

"మస్కట్‌ల నేనేం పని జేస్తున్న?"

నేను చున్నీ అంచు సర్దుకున్నాను.

"చెప్పు చెల్లె. మల్ల ఎవలన్న ఫోన్ ఎత్తిండ్రనుకో, నువ్వొకటి నేనొకటి చెప్తే నీ ఇజ్జత్ పోతది."

అప్పుడైనా "వద్దన్నా, అందరికీ నిజమే చెప్పేస్తా" అనవలసింది. కూర్చుకున్న మాటలన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి కూడా.

"సూపర్ మార్కెట్‌ల," అన్నాను. "స్టోర్ చూసుకుంటవ్."

పద్యం అప్పజెప్పబోయే పిల్లాడిలా పెదవులు కదిపి ఆ మాటను ఒకసారి తనలో తాను అనుకున్నాడు. "మంచి కొలువే పెట్టిచ్చినవ్," అని నవ్వాడు. అంతలో టైమైందని వెనక నుంచి కేకేశారు. రెండడుగులు వేసి, ఏదో మర్చిపోయినట్టు మళ్లీ జాలీ దగ్గరికి వచ్చాడు.

"గాడ ఏసీ ఉంటదా?"

"ఉంటది," అన్నాను.