ఆవకాయ ప్రకటనకు ఆకుపచ్చ గుర్తు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలోని ఒక చిన్న ప్రకటనల సంస్థలో కాపీ చీఫ్‌గా చేరాను. ప్రకటనలోని మాటల బాధ్యత కాపీ చీఫ్‌ది, బొమ్మ బాధ్యత విజువలైజర్‌ది. మా విజువలైజర్ బోయిన్‌పల్లి యాదగిరి. మా బల్లలు ఎదురెదురుగా ఉండేవి.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులవి. మా యజమాని మధుసూదన్ గారు ఏదో సెమినార్‌కు వెళ్లి, పనులను క్రమంలో పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనుక్కొచ్చారు. ప్రతి పనిలోనూ ఒక్కొక్కరి వంతు అందరి కంప్యూటర్లలో ఒక గడిగా కనిపిస్తుంది. మొదలుపెట్టకపోతే ఎరుపు, మన దగ్గరుంటే పసుపు, పక్కవారికి పంపేస్తే ఆకుపచ్చ. పని గురించి నోటితో మాట్లాడకూడదు, అంతా అందులోనే రాయాలి. దీంతో మా సృజన రెట్టింపవుతుందని ఆయన నమ్మకం. రోజూ పొద్దున ఒక గంట "ఆలోచన" అనే గడి కూడా పెట్టించారు. అది ముగియగానే కంప్యూటర్ గంట కొట్టేది.

"ఇప్పుడిప్పుడే ఏదో తడ్తుంటది సార్, అంతల్నే గంట కొడ్తది," అని యాదగిరి గొణిగేవాడు.

అప్పుడే అల్వాల్‌లో పచ్చళ్లు తయారుచేసే సుగుణమ్మ గారు తన ఆవకాయకు పేపరు ప్రకటన కావాలని వచ్చారు. అంతకుముందే మా పెద్ద క్లయింటు ఒకరు వేరే సంస్థకు వెళ్లిపోయారు. ఈమె కూడా పోతే మాలో కొందరి ఉద్యోగాలు ఉండవని అందరికీ తెలుసు.

"ముందు బొమ్మ చూపితే మాట రాస్తాను" అని నేను యాదగిరికి పంపాను. నా గడి ఆకుపచ్చ అయింది. "ముందు మాటిస్తే బొమ్మ వేస్తా" అని అతను తిప్పి పంపాడు. అతని గడీ ఆకుపచ్చ అయింది. నేను "సూచన కోసం" అని పంపితే, అతను "స్పష్టత కోసం" అని పంపాడు. ఎదురెదురుగా టీ తాగుతూనే ఇలా చాలా రోజులు గడిపాం. మా ఇద్దరి చురుకుదనం చూసి మధుసూదన్ గారు మురిసిపోయారు.

సుగుణమ్మ గారు ప్రకటన చూడటానికి వచ్చిన రోజు, ఆయన ముందుగా ప్రొజెక్టర్‌తో మా గడులన్నీ గోడ మీద వేసి, పద్ధతి వివరించారు. ఆమె ఓపికగా విన్నారు. తర్వాత ఆయన ప్రకటన తెమ్మని మా వైపు చూశారు. నేను యాదగిరిని చూశాను. అతను నన్ను చూశాడు.

"అంతా పచ్చగనే ఉంది గని, నా పచ్చడేది సారూ?" అన్నారు సుగుణమ్మ గారు.

యాదగిరి పెన్సిల్ తీసి, కాగితం నిండా ఒక అరిటాకు గీశాడు. దాని మీద ఏమీ వడ్డించలేదు.

"అమ్మ అన్న మాటనే కింద రాయండి సార్," అన్నాడు.

రాశాను. "ఆకంతా పచ్చగానే ఉంది. పచ్చడేది?" సుగుణమ్మ గారు రెండుసార్లు చదువుకుని, ఆకు మూలన తన సీసా ఉండాలన్నారు. మిగతాదంతా అలాగే అచ్చయింది. ఆ తర్వాత ఆమె ఊరగాయలన్నిటికీ మేమే ప్రకటనలు చేశాం.

సాఫ్ట్‌వేర్‌ను తీసేయలేదు. ఏ పేపరుకు ఏ రోజు ప్రకటన పంపాలో గుర్తుచేయడానికి అది బాగా పనికొచ్చింది. "ఆలోచన" గడిని మాత్రం మధుసూదన్ గారే తొలగించారు. పని చేతులు మారినంత మాత్రాన ముందుకు కదిలినట్టు కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నా చేతికింద జరిగిన ఏ పనికీ, కాగితం మీద కంటికి కనబడే దాకా, పూర్తయిన గుర్తు పెట్టనివ్వలేదు.