గ్రేస్ అక్క ప్లాస్మా ల్యాబ్

నిన్న ఉదయం హనుమాన్ జంక్షన్‌లో మామిడికాయల లోడు ఎక్కిస్తుంటే బావ ఫోన్ చేశాడు.

"గ్రేస్ వెళ్లిపోయిందిరా."

లోడు కుర్రాళ్లకి అప్పజెప్పి బయల్దేరాను. జబ్బు సంగతి తెలుసు. అయినా నమ్మబుద్ధి కాలేదు.

గ్రేస్ అక్క మా పెద్దనాన్న కూతురు. ఆగిరిపల్లి తోటల్లో కలిసి పెరిగాం. నూజివీడు దగ్గర కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. అక్కడే ఓ పాత షెడ్డులో ప్లాస్మా ల్యాబ్ పెట్టింది.

"అందులో ఏం చేస్తావమ్మా?" అని పెద్దనాన్న ఒకసారి అడిగాడు.

"కెపాసిటర్లలో కరెంటు నింపి, ఒక్కసారిగా గ్యాస్‌లోకి వదులుతాం నాన్నా. రెప్పపాటు కూడా పట్టదు, ఆ గ్యాస్ నలిగిపోయి సూర్యుడి లోపల ఉన్నంత వేడెక్కుతుంది. అలా మండే గ్యాస్‌నే ప్లాస్మా అంటారు."

"షెడ్డు కాలిపోదూ?"

"అంతసేపు ఉండదు. ఉన్న కాస్తలోనే దాన్ని కొలవాలి. అదే మా పని."

ఒకరోజు కాయలిద్దామని ల్యాబ్‌కి వెళ్లాను. అలా కరెంటు వదలడాన్ని వాళ్లు షాట్ అంటారు. ఆరోజు షాట్ ఫెయిలైంది. అక్క స్టూడెంట్ లావణ్య వైరు విప్పబోయింది.

అక్క ఆ అమ్మాయిని ఒక్క లాగు లాగింది. మిగిలిన కరెంటుని భూమిలోకి దింపే ఎర్తింగ్ రాడ్‌ని కెపాసిటర్‌కి తాకించింది.

ఫట్‌మని మెరుపు. కెపాసిటర్‌లో కరెంటు అప్పటిదాకా అలాగే ఉందన్నమాట.

తిట్టలేదు. "మంచినీళ్లు తాగమ్మా. రేపు నేను పక్కనుంటా, నువ్వే చేద్దువుగాని" అంది.

ఎంత ప్రయత్నించినా ప్లాస్మా కోరుకున్నంత గట్టిగా నలగలేదు. ఈలోగా అక్కకి క్యాన్సర్. షెడ్డు ఖాళీ చేయించాలని కాలేజీలో మాటలు మొదలయ్యాయి.

లావణ్య వదల్లేదు. రోజూ వీడియో కాల్. హాస్పిటల్ బెడ్ మీంచే అక్క ఒక్కో జాయింటూ చెక్ చేయించేది.

పోయిన నెల ఒకరోజు కాల్ వచ్చినప్పుడు నేను హాస్పిటల్లో అక్క పక్కనే ఉన్నాను. అక్కడ ల్యాబ్‌లో షాట్ పేల్చారు. కరెంటు కొలిచి చూపే స్కోప్ తెర ఫోన్‌లో కనబడుతోంది, దాని మీద గీత ఒక్కసారిగా కిందికి దిగి లేచింది. ప్లాస్మా నలిగిందనడానికి గుర్తు అదే.

"వచ్చింది మేడమ్" అంటూ లావణ్య ఏడ్చేసింది.

"ఇంకోసారి చెయ్యండి. ఒక్కసారి వస్తే నమ్మకూడదు."

రెండోసారీ వచ్చింది. మూడోసారీ వచ్చింది.

అప్పుడు ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరిపి నవ్వింది అక్క. "ఇక కాలేజీ వాళ్లని పిలిచి చూపించండి."

వాళ్లు వచ్చారు, చూశారు. షెడ్డు ఖాళీ చేయించే మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ మధ్యాహ్నం సమాధి కార్యక్రమం అయ్యాక లావణ్యని ఇంటి దగ్గర దింపుతానన్నాను.

"ల్యాబ్ దగ్గర దించండి అన్నా. జూనియర్స్ ఒక్కళ్లే ఉన్నారు, ఇవాళ వాళ్లకి షాట్ నేర్పాలి."

దించి వచ్చాను. ఏడుస్తూనే వెళ్లింది, కానీ గబగబా నడిచి వెళ్లింది.

వెళ్లిరా అక్కా. ప్రభువు ఒడిలో నొప్పి లేకుండా హాయిగా నిద్రపో.