కత్తి లేని గొడవ

మా తమ్ముడు ఇంటర్ చదివే రోజుల్లో పూడిమడక నుంచి అనకాపల్లికి బస్సులో వెళ్లొచ్చేవాడు. దారిలో ఒక ఊరి కుర్రాళ్లు నలుగురు వాడి వెంటపడ్డారు. చేపల కంపు కొడుతున్నావంటూ సీట్లోంచి లేపేసేవారు. మళ్లీ కూర్చుంటే కిందికి దించి తంతామన్నారు.

నాన్న సముద్రం మీద వేటకెళ్లే మనిషి. అంతా విని, "దెబ్బ తిని ఇంటికి రాకురా" అని వలలు సర్దుకోవడంలో పడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దెబ్బ తినకుండా ఎలా రావాలో చెప్పకుండా, రావద్దని మాత్రం చెబితే పదహారేళ్ల వాడేం చేస్తాడు?

ఏం చేశాడో మర్నాడు తెలిసింది. నాకు కాలేజీ లేదని అనకాపల్లి మార్కెట్లో చేపలమ్మే అమ్మ పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా చిన్న చేపలే అమ్ముడుపోయాయి. సాయంత్రం కాలేజీలు వదిలే వేళకి ఎవరో వంజరం ముక్కలు కొట్టమంటే అమ్మ తట్టలో చేయి పెట్టింది. కత్తి లేదు. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, తట్ట పక్కావిడకి అప్పగించి, బస్టాండు వైపు పరుగెత్తింది. వెనకాలే నేను.

మా ఒడ్డున ఒక కట్టుబాటుంది. చేపల వేలంపాటలో ఆడవాళ్లు గొంతు చించుకుని పోట్లాడుకోవచ్చు, కానీ నోరు విప్పేముందు కత్తి తట్టలో పెట్టెయ్యాలి. కత్తి పట్టుకుని కేకలేస్తే, న్యాయం ఎంత తనవైపున్నా ఆ రోజు ఆమెని వేలం పాడనివ్వరు. అమ్మకి ఒక్క రోజు కూడా ఆ గతి పట్టలేదు.

తమ్ముడు బస్సు పక్కన సంచీ గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. కుర్రాళ్లు అప్పటికే లోపలున్నారు. అమ్మ వాణ్ణి తిట్టలేదు, చేయి చాపిందంతే.

"కత్తిటియ్యి. సేతిలో అదుంటే నీ మాటెవులింటారు? ఎల్లి నీ సీటు నువ్వడుగు, గట్టిగా అడుగు. నాను ఇక్కడే ఉంతాను."

వాడు ఇచ్చేసి, ఏడుపు మొహంతోనే బస్సెక్కాడు. కాసేపటికి లోపలినుంచి గొంతు లేచింది. అచ్చం అమ్మ గొంతే.

"మా యమ్మ సేపలమ్మి నన్ను సదివిత్తంది. కంపైతే కిటికీ తీసుకోండి. నాను పాసు కట్టేను, ఇక్కడే కూకుంతాను."

బస్సంతా అటు తిరిగింది. ఒక ముసలాయన జరగండ్రా అని కసిరాడు, కండక్టరమ్మ కూడా అందుకుంది. నలుగురూ కిక్కురుమనకుండా జరిగారు. మా తమ్ముడు దర్జాగా కూర్చున్నాడు. నేను సిగ్గు విడిచి నడిరోడ్డు మీద చప్పట్లు కొట్టాను. అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

కత్తి సంగతి విన్నప్పుడు నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తెల్లారాక ఒడ్డున, పడవలవాళ్లందరూ వింటూ ఉండగా, తమ్ముడి భుజం మీద చేయి వేశాడు.

"నాను సెప్పింది తప్పురా. ఇంక గొడవొత్తే మీ యమ్మనడుగు. నానూ అడుగుతాను."