జెముడు తోటలో మొదటి మలుపు

ఆ తోటలో నడక చాలా సులువని అందరూ చెప్పేవారు. పాచిపెంట వైపు ఘాటీ దిగువన, వాన అందని కొండవాలు మీద ఒక అటవీశాఖ దొర వేయించిన తోట అది. నీళ్ళు లేకుండా బతికే మొక్కల్ని ఎక్కడెక్కడి దేశాల నుంచో తెప్పించి అక్కడ నాటించాడు. దొరకి ఒక కాలు కుంటి. అందుకని ఎక్కడా మెట్టన్నది లేకుండా, ఎక్కుతున్నట్టే తెలియకుండా, వాలుకి అడ్డంగా మూడు మలుపులు తిప్పి బాట వేయించాడు. మొదటి మలుపు కింద గేటు దగ్గర, ఆఖరిది పైన బంగళా దగ్గర. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని జెముడు తోట అనేవారు. ఆ బాట ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడెవరైనా చెబితే నాకు ఒళ్ళు మండిపోతుంది. హాయిగా ఉండడం కోసం దాన్ని మూడింతలు పొడుగు చేశారు, అంతే.

పంతొమ్మిది వందల ఇరవైల్లో మాట ఇది. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. మావారు అటవీశాఖలో గుమాస్తా. ఆయన్ని కొండ మీద ఒక పల్లెకి బదిలీ చేస్తే, రెండు నెలల పిల్లని ఎత్తుకుని నేనూ వెళ్ళాను. బండి ఎక్కేముందు అత్తగారు నాకు రెండు మాటలు చెప్పింది. కాచి చల్లార్చిన నీళ్ళే తాగమంది. కొండవాళ్ళని గుమ్మం దాటి లోపలికి రానివ్వొద్దంది. మొదటిది కట్టెల బద్ధకం కొద్దీ రెండు రోజుల్లో మానేశాను. రెండోది మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను.

నెల తిరక్కుండా నాకు చలిజ్వరం పట్టుకుంది. ఎనిమిది రోజులు మంచం మీద నుంచి లేవలేదు. లేచేసరికి నాకు పాలు లేవు. పిల్ల రొమ్ము పట్టుకుని లాగి లాగి, ఏమీ రాక, నా మొహం కేసి చూసి ఏడ్చేది. గంజి నీళ్ళు పట్టాను. చోడిపిండి అంబలి మీద తేట తీసి పట్టాను. తాగినదంతా విరేచనమైపోయేది. నాలుగు రోజుల్లో పిల్ల తొడలు వేలాడిపోయాయి.

ఆ పల్లె నిండా ఆవులు. మా గుమ్మం ముందు నుంచే పొద్దున్నా సాయంత్రం మంద పోయేది. ఒక్క ఇంట్లోనూ పాలు పితకరు. అక్కడివాళ్ళ కట్టుబాటు అది. పాలు దూడవి, మనిషివి కావు. తల్లిపాలు మానిన తరువాత వాళ్ళ పిల్లలు కూడా పాల మొహం చూడరు. మొదట మావారు ఈ మాట చెబితే, అడగడానికి మొహమాటపడి కల్పించారనుకున్నాను. ఒకరోజు తెల్లవారకముందే చెంబు పట్టుకుని పల్లె పెద్ద ఇంటి కొట్టంలోకి నేనే దూరాను. ఎన్నడూ పితికించుకోని ఆవు అది, ఒక్క తన్ను తన్నింది. చెంబు ఒకవైపు, నేనొకవైపు పడ్డాం. ఆ చప్పుడికి పెద్దాయన పెళ్ళాం లేచి వచ్చింది, ముసలావిడ. నన్ను లేపి కూర్చోబెట్టి, చెంబు తీసి నా చేతికిచ్చింది.

"అది దూడ కోసం వచ్చిన పాలమ్మా. మనం పిండీసుకుంటే దానికేటుంటాది?" అంది.

"నా పిల్ల సచ్చిపోతంటే దూడ గురించి సెప్తావేటి!" అని అరిచాను.

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ ఆవు దగ్గరికి నన్ను మళ్ళీ వెళ్ళనివ్వలేదు. ఆ సాయంత్రం ఆకుదొప్పలో తేనె పట్టుకొచ్చి, గుమ్మం బయటే పెట్టి వెళ్ళిపోయింది. వెర్రి కట్టుబాటని మావారి దగ్గర నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఇంటి కట్టుబాటు సంగతి నాకు అప్పుడు గుర్తే రాలేదు.

మర్నాడు మావారు ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చారు. దొరా దొరసానీ జెముడు తోట బంగళాలో దిగారట. వాళ్ళతో పాల డబ్బాలు వచ్చాయట, వాళ్ళ వంటవాడు టీలో అవే పోస్తున్నాడట. మైదానానికి బండి మీద దిగాలంటే రెండు రోజులు పడుతుంది, పిల్ల ఆగదు. తోటకి మాత్రం అడ్డదారిన ఒక పూట నడక. చీకటితోనే బయల్దేరాం. దారి పొడుగునా ఆయన నాకు ఒక్కటే చెప్పారు.

"అక్కడ నువ్వు నోరెత్తకు. సమయం సూసి నేనడుగుతాను."

ఆయనకి దొరలంటే హడలు. దొర గుర్రం ఒంటరిగా కట్టేసి ఉన్నా, దాని ముందు చెప్పులు విప్పి నడిచే మనిషి. అది తెలిసి కూడా సరేనన్నాను.

గేటు చేరేసరికి ఎండ ముదిరింది. బంగళా పైన కనిపిస్తూనే ఉంది, పిలిస్తే పలికేంత దూరం. మావారు కావలివాడితో మాట్లాడుతూ ఉండగానే దొరసాని గొడుగు వేసుకుని కిందికి వచ్చింది. తోట చూడ్డానికి ఊరి ఆడవాళ్ళెవరూ రావడం లేదని ఆవిడకి బెంగట. నన్ను చూసి మొహం విప్పారింది. తోట చూడ్డానికే వచ్చామనుకుంది. మావారు కాదనలేదు.

"రండి, రండి. అంతా నేను చూపిస్తాను. నడక కష్టం లేదు," అంది. వంటవాడి దగ్గర నేర్చుకున్న తెలుగు.

"చిత్తం," అన్నారు మావారు.

మొదటి మలుపు దగ్గర ముగ్గురు కొండ ఆడవాళ్ళు మొక్కల మధ్య కలుపు తీస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ మాత్రం గట్టు మీద కూర్చుని తన చంటిబిడ్డకి పాలిస్తోంది. నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. దొరసాని ముందు, మావారు ఆవిడ వెనక, నేను అందరికంటే వెనక. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నా పిల్ల ఏడ్చింది. ఏడుపంటే పెద్దదేం కాదు, పిల్లికూన మూలిగినట్టు ఒక కీచు. పాలిస్తున్న ఆవిడ తలెత్తి చూసింది. ఇంకేమీ అడగక్కర్లేకుండా సంగతి ఆవిడకి తెలిసిపోయింది.

"గుంట పాలకేడుస్తంది గదమ్మా. నీకు లేవేటి? నాకున్నాయి. ఇలాగియ్యి," అని రెండు చేతులూ చాపింది.

నేను ఆగాను. మావారు వెనక్కి తిరిగి చూశారు. ఆయన నన్ను ఆపలేదు, ఆ పాపం ఆయన మీద వెయ్యను. నా కళ్ళకి ఆవిడ చేతుల మట్టి కనిపించింది, మెడలో పూసలు కనిపించాయి, ఆ రొమ్ము మీద ఇంకో బిడ్డ ఎంగిలి కనిపించింది. కొండదాని పాలు తాగిన పిల్లని అత్తగారు ఒళ్ళోకి తీసుకుంటుందా అనిపించింది. పైన డబ్బాలో పాలున్నాయి కదా, ఇంకాసేపట్లో దొరుకుతాయి కదా అనిపించింది.

"వద్దు," అన్నాను. పిల్ల మొహం మీదికి పైటచెంగు లాక్కున్నాను.

ఆవిడ ఏమీ అనుకున్నట్టు కనిపించలేదు. చేతులు దించుకుని తన బిడ్డని సర్దుకుంది. నేను నడిచాను.

అక్కడి నుంచి రెండో మలుపు దాకా దొరసాని ఒక్క మొక్కనీ వదల్లేదు. కత్తుల్లాంటి ఆకుల కిత్తనార చూపించింది. దీని నారతో ఓడలకి తాళ్ళు పేనుతారంది. స్తంభంలా నిలబడ్డ జెముడు చూపించింది. బంతిలా గుండ్రంగా, ఒంటి నిండా ముళ్ళున్నదొకటి చూపించింది. అది పదేళ్ళకి ఒక పువ్వు పూస్తుందట. ప్రతిదానికీ మావారు "చిత్తం" అన్నారు. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా నేను ఆయన చొక్కా వెనక నుంచి లాగాను.

"అడగరేటి?" అన్నాను గొంతు తగ్గించి.

"ఉండు. ఆవిడ మాటాడతంది."

"బేగి అడగండి. పిల్ల కళ్ళు తేలేస్తంది."

ఆయన గొంతు సవరించుకున్నారు. దొరసాని తిరిగి చూసింది. "మంచి ఎండండీ," అన్నారు ఆయన. అంతే. నలభై ఏళ్ళు కాపురం చేశాను ఆ మనిషితో, మంచివాడే. ఆ ఒక్క మాట మాత్రం నేను క్షమించలేదు.

రెండో మలుపు దాటాక ఆవిడ ఒక కాడజెముడు కొమ్మ విరిచి చూపించింది. విరిచిన చోట నుంచి చిక్కగా, తెల్లగా పాలు కారాయి. బాట మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

"ముట్టకండి. కంట్లో పడితే కన్ను పోతుంది," అంది.

నేను ఆ చుక్కల్నే చూస్తూ నిలబడిపోయాను. నాలిక మీద పెట్టి చూద్దామా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. నా బుద్ధి అప్పటికి ఆ స్థితిలో ఉంది.

మూడో మలుపులో ఒక బల్ల వేసి ఉంది, నడిచి అలసిన వాళ్ళు కూర్చోడానికి. దొరసాని నన్ను కూర్చోమంది. తనూ పక్కన కూర్చుని, నా పైట కొంచెం తొలగించి పిల్ల మొహం చూసింది. పిల్ల ఏడుపు అప్పటికే ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు, మొక్కలు చూస్తున్నాను కదా.

"ఎంత మంచి బేబీ! అల్లరి లేదు," అంది ఆవిడ.

ఇక నా వల్ల కాలేదు. ఆవిడ కాళ్ళ మీద పడ్డాను.

"పాలమ్మా! పిల్లకి పాలు లేవు. ఐదు రోజులయ్యింది. నీ డబ్బాలో పాలు కొంచెం ఇప్పించమ్మా, నీకు పుణ్యముంటాది."

ఆవిడకి అన్ని మాటలూ అర్థమయ్యాయో లేదో గానీ పాలన్నది అర్థమయింది. లేచి మావారి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అంది. ఆయన మొహం నల్లబడింది. ఆవిడ గొడుగు అక్కడే పారేసి, లంగా రెండు చేతులా ఎత్తి పట్టుకుని బంగళాకి పరిగెత్తింది. నిజం చెప్పాలి, ఆవిడ చెడ్డది కాదు. గేటు దగ్గరే అడిగి ఉంటే అప్పుడూ అలాగే పరిగెత్తేది.

కప్పులో పాలు వచ్చాయి. వేడినీళ్ళలో కలిపి, చల్లార్చి, చెంచాతో సహా ఆవిడే తెచ్చింది. నేను పిల్ల దవడలు నొక్కి నోరు తెరిచి ఒక చెంచా పోశాను. పాలు నోట్లోనే నిలిచి, పక్క నుంచి కారిపోయాయి. మళ్ళీ పోశాను. మళ్ళీ కారిపోయాయి. గుటక పడలేదు. "కొంచెం కొంచెం," అంటూ దొరసాని చెంచా తను తీసుకుని ప్రయత్నించింది. పిల్ల గడ్డం నుంచి మెడలోకి, మెడలోంచి నా ఒళ్ళోకి కారాయి గానీ లోపలికి ఒక్క చుక్క పోలేదు. పిల్ల ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా కదులుతోంది.

చెంచా పాలు దానికి తెలియవు, రొమ్ము తెలుసు అనుకున్నాను. ఒక్కసారిగా లేచాను. బాట మీద వెళితే మూడు మలుపులూ తిరగాలి. కింద ఆ ఆడవాళ్ళు పనిచేస్తూ కనిపిస్తున్నారు. నేను బాట వదిలేసి నిట్టనిలువుగా మొక్కల మధ్య నుంచి దిగిపోయాను.

"ఎక్కడికే!" అని మావారు పైనుంచి అరిచారు.

కిత్తనార ఆకులు పిక్కలు కోశాయి. జెముడు ముళ్ళు అరికాళ్ళలో దిగి విరిగిపోయాయి. ఒకచోట జారి కూర్చుండిపోయాను, పిల్లని మాత్రం వదల్లేదు. ఆ తోట చూపించడానికి దొరసానికి అంతసేపు పట్టింది. నేను నాలుగు ఊపిరుల్లో కిందికి వచ్చాను.

పాలిచ్చే ఆవిడ నన్ను చూసి కలుపు వదిలేసి లేచి నిలబడింది. గట్టు మీద నిద్రపోతున్న తన బిడ్డని తోటిదాని చేతికిచ్చింది. నేను పిల్లని ఆవిడ చేతుల్లో పెట్టాను. ఆవిడ అక్కడే మట్టిలో చతికిలబడి, పిల్లని గుండెకి ఆనించుకుని రొమ్ము నోటికిచ్చింది. రెండు వేళ్ళతో నొక్కి పెదాల మీద పిండింది. చెంపలు నిమిరింది. అరికాళ్ళు గిల్లింది. వాళ్ళ భాషలో ఏదో పిలుస్తూ మాట్లాడింది.

పిల్ల పెదాలు ఒకసారి కదిలాయి. పట్టుకుందనుకున్నాను. "తాగుతందా? తాగుతందా?" అని ఆవిడ భుజం పట్టుకుని ఊపేశాను.

ఆవిడ పిల్ల ముక్కు దగ్గర తన చెంప పెట్టి చూసుకుంది.

"ఇందాకే ఇచ్చీసుంటే తాగీసునమ్మా," అంది. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

అప్పటికి మావారు బాట వెంట ఒక్కో మలుపూ తిరిగి వస్తున్నారు, ఆయన వెనక దొరసాని కప్పు పట్టుకుని వస్తోంది. మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ తల మీద చేతులు పెట్టుకుని ఏడుపు మొదలెట్టారు. పిల్ల పోయింది. నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

"ఇంకొకపాలి ఇయ్యి," అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. మళ్ళీ రొమ్ము పిల్ల నోటికిచ్చింది. పాలు పిల్ల గడ్డం మీదుగా ఆవిడ మోకాళ్ళ మీదికి కారాయి.

"ఇంకొకపాలి," అన్నాను.

ఇచ్చింది.